కోటకు రక్షణ, పేటకు శిక్ష

ఢిల్లీ చూడవచ్చిన యాత్రికుడు ఎర్రకోటకు ఒక పూట కేటాయిస్తాడు. లాహోరీ దర్వాజాలో ప్రవేశించి, దివానె ఆమ్, దివానె ఖాస్‌లను చూసి, పాలరాతి పనితనానికి ముగ్ధుడై బయటకు వస్తాడు. రోడ్డు దాటి చాందినీచౌక్ రద్దీలో పడగానే, ఇంత అందమైన కోట ముందు ఈ గందరగోళమేమిటని విసుక్కుంటాడు. ఆ విసుగు యాత్రికునికే పరిమితమైతే ప్రమాదం లేదు. రాజధాని నేలిన ప్రభుత్వాలు పలుమార్లు దానినే విధానంగా స్వీకరించాయి.

నిజానికి ఈ కోటా, ఈ పేటా కవల పిల్లలు. షాజహాన్ రాజధానిని ఆగ్రా నుంచి మార్చదలచి 1639లో కోటకు పునాది వేయించాడు. 1648లో నిర్మాణం పూర్తయింది. దానితోపాటే షాజహానాబాదు నగరం వెలిసింది. చాందినీచౌక్ ఆయన కుమార్తె జహానారా సంకల్పం. ఆనాడు వీధి నడుమ కాలువ పారేది. అంతఃపురానికి కావలసిన నగా, వస్త్రమూ, అత్తరూ పేట నుంచే వెళ్లేవి. కోటలో రాజు పోయి ఏనాడో అయినా దరీబాలో నగల వర్తకం, కినారీ బజారులో జరీ, ఖారీ బావలీలో సుగంధద్రవ్యాల బేరం నేటికీ సాగుతున్నాయి. ఆ లెక్కన సజీవంగా మిగిలిన వారసత్వం గోడ వెలుపలిదే.

1857 తిరుగుబాటును అణచిన ఆంగ్లేయులు మొదట నగరవాసులను వెళ్లగొట్టారు. బహదూర్ షా జఫర్‌ను 1858లో దివానె ఖాస్‌లోనే విచారించి రంగూనుకు పంపారు. కోట లోపలి కట్టడాలలో అధికభాగాన్ని కూల్చి సైనికుల బారకాసులు కట్టారు. కోటకూ జామా మసీదుకూ మధ్యనున్న ఇండ్లను ఫిరంగి గుళ్లకు అడ్డు లేకుండా నేలమట్టం చేశారు. యాత్రికుడు మెచ్చుకునే ఆ విశాలమైన ఖాళీ జాగా ఒకనాటి జనావాసం.

స్వాతంత్ర్యానంతరం ఏం జరిగింది? 1947 విభజనలో అనేక కుటుంబాలు పాకిస్తాన్‌కు తరలిపోగా, పంజాబు నుంచి వచ్చిన శరణార్థులు ఈ సందులలో తలదాచుకున్నారు. హవేలీలు వాటాలుగా చీలాయి. కొన్ని గోదాములుగా మారాయి. 1956 నాటి చట్టం కింద ప్రాకార నగరంలో అధికభాగాన్ని మురికివాడగా ప్రకటించారు. ఎర్రకోటను మాత్రం 2003లో సైన్యం ఖాళీ చేసింది, 2007లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఒకే చక్రవర్తి కట్టించిన రెండింటిలో ఒకటి ప్రపంచానికి సంపద, రెండవది సర్కారు దస్తావేజులో మురికివాడ!

ఈ వ్యత్యాసం అత్యంత కర్కశంగా బయటపడినది తుర్క్‌మాన్ గేటు వద్ద. ఆ దర్వాజా రక్షిత కట్టడం. ఎమర్జెన్సీ కాలంలో, 1976 ఏప్రిల్‌లో, దాని చుట్టూ ఉన్న ఇండ్ల మీదికి బుల్‌డోజర్లు నడిచాయి. అడ్డుకున్న జనంపై పోలీసులు కాల్పులు జరిపారు. మృతుల సంఖ్యపై వివాదం నేటికీ తీరలేదు. నిర్వాసితులను యమున ఆవల త్రిలోక్‌పురి, నంద్‌నగరి వంటి చోట్లకు తరలించారు. దర్వాజా రాయి ఒక్కటి కూడా కదలలేదు.

2021లో చాందినీచౌక్ రూపురేఖలు మార్చారు. రాళ్లు పరచి, పగటివేళ మోటారు వాహనాలను నిషేధించారు. పాదచారికి అది మేలే. అయితే ప్రధాన వీధి ముస్తాబు యాత్రికుని కోసం. పక్క సందులలో వేలాడే కరెంటు తీగలు, బీటలు వారిన కప్పులు నివాసుల కోసం. పాత ఇంటి మరమ్మతుకు సాయం, సక్రమమైన మురుగు పారుదల, అద్దెదారుకు భరోసా లేనిదే వారసత్వ రక్షణ గోడలకు సున్నం వేయడంతో సమానం.

ప్రతి ఆగస్టు 15న ప్రధానమంత్రి కోట బురుజుపై నుంచి జాతినుద్దేశించి ప్రసంగిస్తారు. ఆ వేదికకు సూటిగా ఎదురుగా ఉన్నది చాందినీచౌకే. భద్రత దృష్ట్యా ఆ ఉదయం అటు దారి మూసివేస్తారు. ఏడాదిలో మిగిలిన రోజులలోనైనా అది తెరచి ఉండాలి.