పల్లెలు నిలిపిన బాట

పారిస్ పరిసరములనుండి బ్రెస్టు రేవు వరకు, అచటినుండి వెనుకకు 1200 కిలోమీటర్లు: ఫ్రాన్సు పశ్చిమసీమ మిట్టపల్లాలలో సాగు సైకిలు యాత్ర

ఫ్రాన్సు దేశమున సైకిలు అనగానే లోకులకు స్ఫురించునవి ఆల్ప్సు, పిరనీసు పర్వతములు, వాని శిఖరమార్గములలో పసుపుపచ్చని అంగీ తొడిగి దూసుకొనిపోవు వీరులు, దారికి ఇరువైపుల జయజయధ్వానములు చేయు జనసమ్మర్దము. అది చూడదగిన వైభవమే. అయినను ఆ దేశపు సైకిలు జీవము ఆ శిఖరములయందు గాక, పేరుప్రతిష్ఠలు లేని చిన్న చిన్న మిట్టలమీద, గోధుమచేల నడుమ, ఆపిలు తోటల ప్రక్కగా, పల్లె తరువాత పల్లెను పలుకరించుచు పోవు సన్నని దారులయందు కలదని నా విశ్వాసము. అట్టి దారులలో తలమానికమైనది, పారిస్‌కు నైరుతి దిశనున్న రాంబూయే పట్టణమున బయలుదేరి, నార్మండీ అంచులను, మయెన్ సీమను, బ్రిటనీని దాటి, అట్లాంటిక్ తీరమందలి బ్రెస్టును ముట్టి, మరల బయలుదేరిన చోటికే వచ్చు బాట.

పందెము పోయినది, యాత్ర మిగిలినది

1891 సెప్టెంబరులో, అనగా నేడు జగద్విఖ్యాతమైన ‘టూర్ ద ఫ్రాన్స్’ పుట్టుటకు పండ్రెండేండ్లు ముందుగా, ‘ల పెతీ జూర్నల్’ పత్రికా సంపాదకుడు పియేర్ జిఫార్ ఈ బాటపై పందెమును ఏర్పరచెను. సైకిలు సంపన్నుల వినోదవస్తువు కాదనియు, సామాన్యుని దూరప్రయాణములకు నమ్మదగిన వాహనమనియు నిరూపించుట ఆయన ఉద్దేశము. రెండువందలకు పైగా బయలుదేరినవారిలో సుమారు సగము మందియే యాత్ర ముగించిరి. అప్పటికి క్రొత్తదైన మిషెలిన్ గాలి టైర్లను బిగించుకొని, మూడు రాత్రులు నిద్రను జయించి, 71 గంటలలో తిరిగివచ్చిన షార్ల్ తెరోన్ విజేతగా నిలిచెను.

పిమ్మట సాధారణముగా పదేండ్ల కొకమారు చొప్పున సాగిన ఆ పందెము 1951తో అంతమయ్యెను. ఆ కడపటి పందెమును మోరిస్ దియో 39 గంటల లోపుననే ముగించెను; కాని ఇంత సుదీర్ఘమైన శ్రమకు వృత్తిక్రీడాకారులు ఆ తరువాత ముందుకు రాలేదు. బాట మాత్రము మూతపడలేదు. 1931 నుండియే ‘ఓడాక్స్ క్లబ్ పారిసియెన్’ అను సంఘము సాధారణ సైకిలు యాత్రికులకు ఈ దారిని తెరచియుంచినది. వీరులు విడిచిన బాటను గుమాస్తాలు, బడిపంతుళ్లు, వైద్యులు, రైతులు చేపట్టిరి. నేడు నాలుగేండ్ల కొకమారు ఆగస్టు మాసమున, లోకపు నలుమూలలనుండి వేలమంది రాంబూయేకు చేరుదురు. గరిష్ఠ గడువు 90 గంటలు. దారిపొడుగున నియమిత స్థానములలో కార్డుపై ముద్ర వేయించుకొనవలెను. ప్రథముడనిగాని ద్వితీయుడనిగాని ఎవరికిని బిరుదు లేదు.

మిట్టల మర్మము

ఈ బాటలో నాలుగువందల మీటర్లను మించిన ఎత్తు ఎచటను లేదు. అయినను పోకరాకలలో ఎక్కిన మిట్టలన్నిటిని కూడినచో, పదకొండువేల మీటర్లు దాటును. ఎవరెస్టు శిఖరము తొమ్మిదివేల మీటర్ల లోపేగదా! దీనికి కారణము ఆ భూమి పుట్టుకయందే కలదు. బ్రిటనీ, దాని పరిసరసీమలు, కోట్ల సంవత్సరములకు పూర్వము ఉన్నతపర్వతములై నిలిచి, వానలకును గాలులకును అరిగి అరిగి కడకు మిట్టలైన రాతినేలలు. వానిని అసంఖ్యాకములైన వాగులు కోసివేసినవి. దారి ఒక్కొక్క వాగులోనికి దిగును, వంతెన దాటును, ఎదుటి గట్టు నెక్కును; ఎక్కిన కొంతసేపటికే మరియొక వాగు ఎదురగును.

పర్వతము తన పరీక్ష నేదో ముందుగనే ప్రకటించి నిలుచును. మిట్టలు అట్లు కాదు, ఒక్కొక్కటియు అల్పముగనే తోచి, వందలకొలది కలిసి మనుజుని బలమును హరించును. మొదటి పగలు పెద్దగేరుతో మిట్టలపై విజృంభించినవాడు రెండవ రాత్రి కూలబడును. చిన్నగేరులో సమగతిని త్రొక్కుచు, దిగుడులో వచ్చిన వేగమును ఎక్కుడున కొంత వాడుకొనుచు పోవువాడు గట్టెక్కును. సైకిలుకు పెక్కు గేరులు ఉండవలెనని, ‘వెలోసియో’ అను కలంపేరుగల సెంతెతియెన్ నగరవాసి పాల్ ద వివీ జీవితాంతము వాదించెను. టూర్ పందెములో గేరులు మార్చు యంత్రమును 1937 వరకు అనుమతింపకపోయినను, ఇట్టి నేలలపై ప్రయాణించిన సామాన్య యాత్రికులు ఆయన మాటలోని సత్యమును అంతకుముందే గ్రహించిరి.

పల్లెల ఆతిథ్యము

ఇక పల్లెల మాట. ఆ దేశమున సుమారు 35 వేల గ్రామ, పురపాలక ఘటకములు కలవు. వానిలో అధికభాగము చిన్న ఊళ్లే. ఎఱ్ఱ అంచుగల తెల్లని పలకపై ఊరిపేరు ఎదురగును. చర్చి, పురపాలక కచేరి, రొట్టెలదుకాణము, 1914–18 యుద్ధమున మడిసిన ఆ ఊరి బిడ్డల పేర్లు చెక్కిన శిలాస్తంభము వరుసగా వెనుకకు జరుగును. అదే పేరుపై ఎఱ్ఱని అడ్డగీత గీచిన పలక వచ్చును, ఊరు ముగియును. పసుపుపచ్చని శిరస్సుగల కిలోమీటరురాళ్లు ఇది జిల్లా రహదారియని తెలుపుచుండును. మధ్యాహ్నవేళ దుకాణములు మూసినను యాత్రికుడు దాహముతో బాధపడనక్కరలేదు. సమాధులపై పూలమొక్కలకు నీరుపోయుటకై శ్మశానవాటికలో కుళాయి ఉండును. అనుభవజ్ఞులు చర్చి శిఖరము కనబడగానే ఆ కుళాయిని వెదకుదురు.

యాత్ర జరుగు దినములలో ఈ ఊళ్లు వేరొక రూపము దాల్చును. విలేన్-లా-జుయేల్ వంటి చిన్న పట్టణమున జనులు వీథిలో బారులు తీరి, మొదట వచ్చినవానికిని కడపట వచ్చినవానికిని ఒకే తీరున చప్పట్లు చరతురు. పేరులేని పల్లెలలో అర్ధరాత్రివేళ ఇంటిముంగిట బల్ల వేసి, దీపము పెట్టి, కాఫీయు నీళ్లును రొట్టెముక్కలును సిద్ధముచేసి ముసలివారును పిల్లలును కూర్చుండి యుందురు. మయెన్ సీమలోని ఒక పల్లెలో ఒక కుటుంబము పలుచని అట్లు కాల్చి బాటసారులకు పెట్టును. ధర యడిగినచో, మీ ఊరు చేరిన పిదప మాకొక కార్డు వ్రాయుడనును. ఆ కార్డులు నానాదేశములనుండి వచ్చి ఆ ఇంటి గోడలు నింపినవి. క్రీడాకారులు విడిచిపోయిన ఈ బాట డెబ్బదియేండ్లు దాటినను జీవించియుండుటకు, సంఘముల శ్రమతోపాటు ఈ ముంగిటి దీపములును కారణములు.

మనవారికి ఒక మాట

తెలుగునేలకును ఈ బాటతో సంబంధము కలదు. 200, 300, 400, 600 కిలోమీటర్ల ‘బ్రెవే’లను, అనగా గడువుగల అర్హతా యాత్రలను, యాత్ర జరుగు ఏటనే పూర్తిచేసినవారికే అచట ప్రవేశము, అట్టి బ్రెవేలు హైదరాబాదు కేంద్రముగా జరుగుచున్నవి. తెల్లవారుజామున చీకటిలో బయలుదేరి, వేసవి యెండలో జాతీయ రహదారుల అంచులను పట్టి సాధనచేయువారి పట్టుదల మిక్కిలి ప్రశంసనీయము. తరువాతి యాత్ర 2027 ఆగస్టులో రానున్నది. పోదలచినవారు కాళ్లను ఎంత సిద్ధపరతురో మనస్సును అంత సిద్ధపరచవలెను: గడువును లెక్కించుచు పల్లెలను కేవలము దాటిపోక, ముంగిటి బల్లయొద్ద ఐదు నిమిషములైనను కూర్చుండుడు, ఇల్లు చేరినపిదప ఆ కార్డును తప్పక వ్రాయుడు. గడువుతో పోటీపడు శక్తి లేనివారును నిరాశ చెందనక్కరలేదు. ఆ జిల్లా రహదారులు ఏడాది పొడుగునను తెరచియే యుండును. వానిపై రోజుకు నలుబది కిలోమీటర్లు త్రొక్కి, సాయంకాలమునకు ఒక ఊర విశ్రమించువాడును ఆ దేశమును చక్కగనే చూచినవాడగును.