సాఫ్ట్‌వేర్ చదువులో సంభాషణ పాఠం

సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ అంటే ప్రోగ్రాములు రాయడమేనని, సంభాషణ నైపుణ్యాలు క్యాంపస్ ఇంటర్వ్యూ గట్టెక్కడానికి మాత్రమే అవసరమని విద్యార్థుల్లో ఉన్న అభిప్రాయం ఎంత బలమైనదో, ఆ వృత్తి చరిత్రకు అంత విరుద్ధమైనది. ఐబీఎం సంస్థలో ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్, అంటే కంప్యూటరులోని మిగతా ప్రోగ్రాములన్నిటినీ నడిపించే మూల సాఫ్ట్‌వేర్, నిర్మాణానికి సారథ్యం వహించిన ఫ్రెడ్ బ్రూక్స్, ఆలస్యమైన ప్రాజెక్టులో కొత్తవారిని చేర్చితే అది మరింత ఆలస్యమవుతుందని 1975లో వెలువడిన తన గ్రంథంలో సూత్రీకరించాడు. కొత్తవారికి పని నేర్పడంలో పాతవారి సమయం ఖర్చవుతుంది. పైగా ఐదుగురి బృందంలో పరస్పరం మాట్లాడుకోవలసిన జంటలు 10 ఉంటే, పదిమంది అయ్యేసరికి అవి 45 అవుతాయి.

బృందాల మధ్య మాట సరిగా అందకపోతే ఏమవుతుందో మరో ఉదంతం చూపిస్తుంది. 1999 సెప్టెంబరులో అంగారకుణ్ణి చేరిన నాసా వ్యోమనౌక మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ నాశనమవడానికి మూలం, భూమిమీది ఒక బృందం సాఫ్ట్‌వేర్ పౌండ్-సెకన్లలో ఇచ్చిన లెక్కలను మరో బృందం న్యూటన్-సెకన్లుగా తీసుకోవడం; బృందాల మధ్య సమాచార లోపాన్ని కూడా విచారణ సంఘం కారణాల్లో ఒకటిగా పేర్కొంది.

తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్ కళాశాలల్లో ఇంగ్లీషు ల్యాబు, గ్రూప్ డిస్కషన్, ఒక నిమిషం ఆగకుండా మాట్లాడే 'జామ్' వంటివి సంభాషణ నైపుణ్యాల లోటు తీర్చడానికే ఉన్నాయి. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థికి వాటివల్ల కలిగే ధైర్యం తక్కువేమీ కాదు గానీ, ఆ శిక్షణ ఇంగ్లీషు శాఖ గడప దాటి ప్రోగ్రామింగ్ తరగతిలోకి రాకపోవడం పెద్ద లోపం. 'లాగిన్ పనిచేయడం లేదు' అని రాసిన బగ్ రిపోర్టు, అంటే దోషాన్ని తెలిపే నివేదిక, సరిచేయవలసినవారికి ఏమీ చెప్పదు. 'పాస్‌వర్డ్ మార్చిన వెంటనే పాత పాస్‌వర్డ్‌తో ప్రయత్నిస్తే, తప్పని చెప్పకుండా ఖాళీ పేజీ వస్తోంది' అని రాస్తే సగం పని అయినట్టే. ఇది ఉచ్చారణ తరగతిలో వచ్చే విద్య కాదు.

వాడుకదారుల అవసరాలను సేకరించే దశలో అన్నిటికన్నా ముఖ్యమైనది వినడం. ఆసుపత్రి ఓపీ కౌంటరుకు సాఫ్ట్‌వేర్ తయారుచేయదలచిన విద్యార్థులు అక్కడి గుమాస్తా దగ్గర కూర్చుని, ఒకే పేరున్న ఇద్దరు రోగులు వస్తే చీటీ ఎలా రాస్తారో, కరెంటు పోతే ఏ పుస్తకం తీస్తారో అడిగి తెలుసుకోవాలి. ఆ మాటలు తెలుగులోనే సాగుతాయి కాబట్టి, విన్నదాన్ని తెలుగులో స్పష్టంగా చెప్పించి, ఆపైన ఇంగ్లీషులో రాయించడం మేలు. ఇంగ్లీషు తడబడుతుందన్న భయంతో సందేహాన్ని మింగేసే విద్యార్థులకు ఈ పద్ధతి చాలా అవసరం.

చివరి సంవత్సరం ప్రాజెక్టును వైవాతో ముగించకుండా, దాని కోడును, పత్రాలను కింది తరగతివారికి అప్పగించి కొనసాగించమంటే, వారు మళ్ళీ మళ్ళీ వచ్చి అడిగే ప్రశ్నలే రాయకుండా వదిలేసిన విషయాలేమిటో చూపిస్తాయి. మార్కుల్లో కొంత భాగాన్ని ఆ ప్రశ్నల ఆధారంగానే వేయవచ్చు.