ఆంగ్ల లేఖలలో జరిగినది, జరుగుచున్నది

తెలుగును అధికార భాషగా చేసిన శాసనము మన రాష్ట్రమున 1966లో వెలువడినది. అయినను బ్యాంకుల నుండియు, కేంద్ర పథకముల నుండియు, ఇంజనీర్ల కార్యాలయముల నుండియు పంచాయతీలకు ఆంగ్ల పత్రములు వచ్చుచునే యున్నవి. గ్రాంటు, శాంక్షను, బిల్లు, కల్వర్టు మొదలగు మాటలు సభ్యులకు చిరపరిచితములే. చిక్కు ఆ మాటలలో లేదు, క్రియలలో గలదు. పని జరిగినదా, జరుగుచున్నదా అను సంగతి ఒక్కొక్కప్పుడు రెండక్షరముల మాటపై నిలిచియుండును. అట్టి మాటలను గూర్చి ఇచ్చట కొంత వివరించుచున్నాము.

తెలుగు వ్యాకరణములు భూత, వర్తమాన, భవిష్యత్కాలములతో పాటు తద్ధర్మమను నాలుగవ దానిని గూడ చెప్పుచున్నవి. “గోదావరి సముద్రమున కలియును” అన్నప్పుడు నేడు కలియుచున్నదనియు కాదు, రేపు కలియుననియు కాదు. అది దాని స్వభావమని అర్థము. ఆంగ్లేయులు వర్తమానమని పిలుచు సామాన్య రూపము చాల వరకు మన తద్ధర్మమే. “ది కెనాల్ ఇరిగేట్స్ అవర్ ల్యాండ్స్” అనగా ఈ కాలువ మన భూములను తడుపునని భావము. వేసవిలో మరమ్మతులకై లాకులు మూసి, కాలువ ఎండియున్న దినములలో గూడ ఈ వాక్యము సత్యమే. “ది కెనాల్ ఈజ్ ఇరిగేటింగ్ అవర్ ల్యాండ్స్” అన్నచో ఇప్పుడు, ఈ క్షణమున తడుపుచున్నదని అర్థము. ఎండిన కాలువను గూర్చి ఆ మాట వ్రాయరాదు. ఈజ్, ఆర్ అను మాటల వెనుక “ఇంగ్” అని ముగియు క్రియ కనబడినచో అది మన “చున్నది”, “చున్నవి” అని గ్రహింపవలెను.

తెలుగున కర్తను బట్టి క్రియ పలు విధముల మారును: వచ్చితిని, వచ్చితివి, వచ్చెను, వచ్చిరి. ఆంగ్లమున ఆ శ్రమ స్వల్పము. సామాన్య వర్తమానమున, నేను, నీవు కాక ఇతరుడొక్కడో, ఒక్క వస్తువో కర్త యైనప్పుడు మాత్రము క్రియ చివర “ఎస్” అను అక్షరము చేరును. భూతకాలమున అదియును లేదు.

ఇక భూతకాలము. ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో ఆరంభమై 1852లో ముగిసినది. “ఆర్థర్ కాటన్ బిల్ట్ ది ఆనికట్” అందురు. “బిల్డ్” అను క్రియ “బిల్ట్” అయినది. ఇట్లు వింతగా మారునవి కొన్ని గలవు. “పే” అనునది “పెయిడ్”, “గివ్” అనునది “గేవ్” అగును. వీనిని కంఠస్థము చేయుట తప్ప వేరు మార్గము లేదు. తక్కిన క్రియలలో అత్యధికము చివర “ఇ, డి” అను అక్షరములను చేర్చుకొనును. ఆ ఆనకట్ట స్థానమున నేడు పనిచేయుచున్నది 1982లో పూర్తియైన కాటన్ బ్యారేజి. కావున డెల్టాకు నీరిచ్చుటను గూర్చి వ్రాయునప్పుడు పాత ఆనకట్టకు “సప్లైడ్” అనియు, బ్యారేజికి “సప్లైస్” అనియు వ్రాయవలెను.

ఈజ్, వాజ్ అను వాని భేదము మన జిల్లాలవారికి వేరుగ చెప్పనక్కరలేదు. 2022 ఏప్రిల్ 4వ తేదీన జిల్లాలు పునర్విభజింపబడినవి. పశ్చిమ గోదావరి జిల్లాకు ఏలూరు “వాజ్” ముఖ్యపట్టణము. భీమవరము “ఈజ్” ముఖ్యపట్టణము. అమలాపురము తూర్పు గోదావరి జిల్లాలో “వాజ్”. కోనసీమ జిల్లాలో “ఈజ్”.

పంచాయతీకి నిజముగ ప్రమాదము గల చోటు వేరొకటి గలదు. “రిలీజ్డ్” అను మాట చూడగానే సొమ్ము విడుదలైనదని పలువురు సంతోషింతురు. ఆ రూపము ఒంటరిగా కాలమును నిశ్చయింపదు. దాని ముందున్న మాటను చదువవలెను. “ఈజ్ బీయింగ్ రిలీజ్డ్” అనగా విడుదల చేయబడుచున్నది, ఇంకను పూర్తి కాలేదు. “విల్ బి రిలీజ్డ్” అనగా ముందుకు జరుగనున్నది. “హాజ్ బీన్ రిలీజ్డ్” అనగా విడుదల యైనది, ఆ ఫలితము నేటికిని నిలిచియున్నది. తేదీ చెప్పదలచినచో “వాజ్ రిలీజ్డ్” అని వ్రాసి తేదీ వేయుదురు. హాజ్ పక్కన గడచిన తేదీ వ్రాయుట ఆంగ్ల మర్యాద కాదు. ఉత్తర్వులలో “శాంక్షన్ ఈజ్ హియర్‌బై అకార్డెడ్” అని యుండును. ఇది వర్తమానమే, ఈ కాగితముతోనే మంజూరు ఇచ్చుచున్నామని భావము. విచిత్రమేమనగా, ఇదే సందర్భమున మన కచేరీ తెలుగు “మంజూరు చేయడమైనది” అని భూతకాలమును వాడును.

ధ్రువపత్రముల యందు మరింత జాగ్రత్త కావలెను. వినియోగ ధ్రువపత్రమున సొమ్ము “హాజ్ బీన్ యుటిలైజ్డ్” అనియు, ఏ పనికై అది “వాజ్ శాంక్షన్డ్” అయినదో ఆ పనికేననియు వ్రాసియుండును. ఒక్క వాక్యమున రెండు కాలములు. మంజూరు ఏనాడో జరిగిన సంగతి; ఖర్చు మాత్రము సంతకము చేయు నాటికి ముగిసియుండవలెను. మురుగు కాలువపై కల్వర్టుకు గోడలు లేచి పైకప్పు పడలేదనుకొందము. “ది వర్క్ హాజ్ బీన్ కంప్లీటెడ్” అను పత్రముపై సర్పంచి సంతకము చేసినచో కాంట్రాక్టరు బిల్లు చెల్లిపోవచ్చును, పైకప్పు మిగిలిపోవచ్చును, తనిఖీకి వచ్చినవారికి కనబడునది సంతకమే. అప్పటికి సత్యమైన వాక్యము “ది వర్క్ ఈజ్ ఇన్ ప్రోగ్రెస్” అనునది. కాంట్రాక్టరు తొందరపెట్టినను “హాజ్ బీన్” అను రెండు మాటలను గోరుతో గుర్తించి, పని స్థలమును చూచిన పిదపనే కలము తీయుట మేలు.

ప్రశ్నకును నిషేధమునకును “డిడ్” తోడువచ్చును; అప్పుడు క్రియ తన మూలరూపమునకు మరలును. “వుయ్ డిడ్ నాట్ రిసీవ్ ది అమౌంట్” అనగా మాకు సొమ్ము అందలేదు, ఆ కథ ముగిసినది. “వుయ్ హావ్ నాట్ రిసీవ్డ్ ది అమౌంట్” అనగా ఇంతవరకు అందలేదు, ఇంకను ఎదురుచూచుచున్నాము. రావలసిన గ్రాంటు కొరకు బ్యాంకునకు వ్రాయు పంచాయతీ ఈ రెండవ వాక్యమునే వ్రాయవలెను.