చలికాలం క్యోటో తోటల్లో పసుపు రైతు

లింబాద్రి గుట్ట జాతర అయిపోయి చలి ముదిరిందంటే మా భీమ్‌గల్ రైతుకు పని ముంచుకొస్తున్నట్టే. సంక్రాంతి దాటితే పసుపు తవ్వకం, ఉడకబెట్టుడు, ఆరబెట్టుడు. "చెర్రీ పూలప్పుడు రా నాన్నా" అని ఒసాకాలో ఉద్యోగం చేసే మా అబ్బాయి పిలిచాడు గానీ, ఆ పూలు పూసే మార్చి ఆఖరుకు మేం మార్కెట్ యార్డులో ఉంటాం. అందుకే డిసెంబరులో వెళ్లాను.

అదే మంచిదైంది. పూలకు వసంతంలో, ఎర్రబడ్డ ఆకులకు నవంబరులో క్యోటో గుళ్లకు జనం ఎగబడతారు. ఆకు రాలాక కొమ్మ ఎక్కడ కత్తిరించారో, రాయి ఎలా పాతారో తీరిగ్గా చూడొచ్చు.

రియోవాన్‌జీ గుడిలో తోటంటే తెల్లటి కంకర, 15 రాళ్లు, వాటి చుట్టూ కాస్త నాచు. పొడవు 25 మీటర్లు, వెడల్పు 10. అరుగు మీద ఎక్కడ కూర్చున్నా ఒక రాయి దాక్కుంటుందట, అందరూ అవే లెక్కపెడుతున్నారు. నా కన్ను మాత్రం వెనక మట్టిగోడ మీద పడింది. నూనె కలిపిన మన్ను అది. ఏళ్ల తరబడి నూనె ఊరి మరకలు కట్టింది. తోఫుకుజీ అనే ఇంకో గుడి తోటను 1939లో షిగెమోరి మిరెయి వేశాడు. ఏదీ పారేయొద్దన్నది గుడివాళ్ల షరతు. తీసేసిన పాత పలకరాళ్లనే నాచులో గళ్లుగళ్లుగా పరిచాడు.

కొన్ని తోటల్లో చలికి నాచు చెడకుండా ఎండు పైన్ ఆకులు పరుస్తారు, మేం విత్తనం పసుపు కుప్పకు పసుపాకు కప్పినట్టు. నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది పైన్ మొదళ్లకు చుట్టే గడ్డి పట్టీ. చలికి కిందికి దిగే గొంగళిపురుగులు అందులో దూరితే, వసంతం రాకముందే విప్పి కాల్చేస్తారు. హిమేజీ కోటలో ఆ పట్టీలు విప్పి లెక్కచూస్తే పురుగుల కంటే వాటిని తినే సాలీళ్లు, వేట నల్లులే ఎక్కువ తేలాయి. అక్కడ కట్టడం మానేశారు. పురుగుమందు కొట్టేముందు మనమూ అలా ఒకసారి లెక్కచూస్తే ఎంత ఖర్చు మిగులునో!

వెళ్లేవాళ్లు మందపాటి సాక్సులు పెట్టుకోండి, చెప్పులు విప్పి నడిచే చెక్క నేల కాళ్లు కొరికేస్తుంది. చలికాలంలో రియోవాన్‌జీ సాయంత్రం 4:30కే మూసేస్తారు. ఊళ్లో మంచు పడ్డా మధ్యాహ్నానికి కరిగిపోవచ్చు కాబట్టి పొద్దున్నే బయల్దేరాలి. మంచు ఇంకా కావాలంటే ఉత్తరాన కొండల్లోని ఒహారాకు, సాన్‌జెన్-ఇన్ గుడికి వెళ్లండి. క్యోటో స్టేషన్ నుంచి బస్సులో గంట ప్రయాణం, తిరుగు బస్సు టైము ముందే చూసిపెట్టుకోండి.