ఠాణాకు చేరే నిధి, శిక్షణ, పురస్కారం: చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ నేపథ్యంలో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

నారాయణగూడలో 1954లో ప్రారంభమైన మహిళా కళాశాలకు, హిమాయత్‌సాగర్ దగ్గర 1986లో ఏర్పడిన పోలీసు అకాడమీకి నేడు ఒకే పేరు ఉంది. అది 1920 నుంచి 1934 వరకు హైదరాబాదు నగర కొత్వాలుగా పనిచేసిన రాజాబహద్దూర్ వెంకటరామారెడ్డి పేరు. తెలంగాణ ఏర్పడిన తరువాత అకాడమీకి ఆయన పేరు పెట్టారు. జనం నోట మాత్రం ఆ కూడలి ఇప్పటికీ ‘అప్పా జంక్షన్’ గానే ఉంది. ఆంధ్రప్రదేశ్ పోలీస్ అకాడమీ అన్న ఆంగ్లనామపు పొడి అక్షరాలే ఈ ‘అప్పా’ అని ఎవరైనా చెబితే తప్ప కొత్తవారికి తెలియదు.

‘రాజాబహద్దూర్’ అనేది నిజాం ప్రభుత్వం ఇచ్చిన బిరుదు. పోలీసు అధికారిని ప్రభుత్వం సత్కరించడం ఈ నగరంలో పాత సంప్రదాయమే. అయితే ఆ బిరుదు నేటికీ జనవ్యవహారంలో నిలిచి ఉండడానికి కొత్వాలు పదవి ఒక్కటే కారణం కాదు. 1918లో స్థాపితమైన రెడ్డి హాస్టల్ మొదలు ఆయన చేయూతనిచ్చిన విద్యాసంస్థలు కూడా అందుకు కారణం. ఒక పోలీసు అధికారి పేరు కళాశాల మీదుగా, శిక్షణాలయం మీదుగా నగరంలో తిరుగుతూ ఉండడం ఈ పరిశీలనకు సహజమైన ప్రవేశం. నేరన్యాయ వ్యవస్థకు ప్రభుత్వం ఇచ్చే నిధులు, శిక్షణ, పురస్కారాలు స్థానిక ఠాణా స్థాయికి ఏ రూపంలో చేరుతున్నాయి, ఫిర్యాదు పట్టుకొని వచ్చిన మనిషి దాకా వచ్చేది ఎంత అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఈ మూడు పేటలను ఎంచుకోవడానికి కారణం ఉంది. చిక్కడపల్లి, నారాయణగూడలలో పోలీసు ఠాణాలున్నాయి. 2023లో నగర కమిషనరేట్ పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు పక్కనే దోమలగూడ ఠాణా కొత్తగా వచ్చింది. అశోక్‌నగర్ పోటీపరీక్షల శిక్షణ కేంద్రాలకు నెలవు. ఆ అభ్యర్థులు చదువుకునే నగర కేంద్ర గ్రంథాలయం చిక్కడపల్లిలో ఉంది. ఇందిరాపార్కు ధర్నాచౌక్, ఆర్టీసీ క్రాస్‌రోడ్డు సినిమాహాళ్లు నడకదూరంలో ఉంటాయి. కాబట్టి పోలీసు కావాలనుకునేవారు, పోలీసులు, పోలీసుల అవసరం పడేవారు ఒకే వీధిలో ఎదురుపడే చోటు ఇది.

నిధుల దారి

రాజ్యాంగం ఏడవ షెడ్యూలు ప్రకారం పోలీసు వ్యవస్థ రాష్ట్ర జాబితాలోని అంశం. జీతభత్యాలు రాష్ట్రానివే. కేంద్ర సహాయం ప్రధానంగా 1969-70లో మొదలైన పోలీసు బలగాల ఆధునికీకరణ పథకం ద్వారా వస్తుంది. తెలంగాణ వంటి రాష్ట్రాలకు కేంద్రం 60 శాతం ఇస్తే రాష్ట్రం 40 శాతం కలపాలి. వాహనాలు, సమాచార పరికరాలు, ఆయుధాలు, శిక్షణ సామగ్రి, ఫోరెన్సిక్ పరికరాలు ఈ పథకం కిందికి వస్తాయి. వినియోగ ధ్రువపత్రాలు చేరితేనే తరువాతి విడత విడుదలవుతుంది.

2021-22 నుంచి 2025-26 వరకు ఆధునికీకరణ ఛత్రపథకానికి కేంద్రం 26,275 కోట్ల రూపాయలు ఆమోదించింది. ఈ అంకె పత్రికల్లో పెద్దగా కనిపించింది. అందులో రాష్ట్ర పోలీసుల ఆధునికీకరణకు కేటాయించినది 4,846 కోట్లు. అంటే ఏడాదికి సగటున 969 కోట్లు. దేశంలో సుమారు 17,500 ఠాణాలున్నాయనుకొని సమానంగా పంచితే ఒక్కో ఠాణాకు ఏడాదికి అయిదున్నర లక్షలు వస్తుంది. వాస్తవంలో ఎవరూ అలా పంచరు. కొలత కోసమే ఈ లెక్క. తెలంగాణ ప్రభుత్వం ఏర్పడిన తొలినాళ్లలో ఠాణాల రోజువారీ ఖర్చులకు నెలసరి గ్రాంటు ప్రకటించింది. నగరంలోని ఠాణాకు నెలకు 75,000, జిల్లాకేంద్రాల్లో 50,000, గ్రామాల్లో 25,000 రూపాయలు. నగర ఠాణాకు ఏడాదికి ఇది తొమ్మిది లక్షలు. కాగితాలు, డీజిల్, చాయ్, కరెంటు బిల్లు, నిందితుడికి భోజనం వంటి చిల్లర ఖర్చులకు డబ్బు లేనిచోట ఆ భారం ఎవరి మీద పడుతుందో ఠాణా మెట్లు ఎక్కినవారికి చెప్పనక్కరలేదు. అవినీతిని తగ్గించే శక్తి ఇటువంటి చిన్న గ్రాంటుకు ఉన్నంతగా ఖరీదైన వాహనానికి లేదు. అయినా 2014 ఆగస్టులో నగర పోలీసులకు ఇచ్చిన ఇన్నోవా కార్లే అందరికీ గుర్తున్నాయి.

మహిళల భద్రతకు 2013లో ఏర్పడిన నిర్భయ నిధి మరొక దారి. సురక్షిత నగర పథకానికి ఎంపికైన ఎనిమిది నగరాల్లో హైదరాబాదు ఒకటి. దీనికి మంజూరైన మొత్తం 282.50 కోట్లు. ఇదే నిధినుంచి దేశవ్యాప్తంగా 10,000 ఠాణాల్లో మహిళా సహాయ కేంద్రాలకు 100 కోట్లు, అంటే ఠాణాకు లక్ష రూపాయలు, కేటాయించారు. లక్షతో ఒక బల్ల, కుర్చీలు, కంప్యూటరు వస్తాయి. ఆ కుర్చీలో కూర్చోవలసిన మహిళా పోలీసు జీతం ఆ లక్షలో లేదు.

పౌరులు పెట్టే ఖర్చు కూడా ఒకటుంది. 2013 నాటి ప్రజాభద్రత చట్టం ప్రకారం జనం గుమిగూడే వాణిజ్య సంస్థలు సీసీ కెమెరాలు పెట్టుకోవాలి. ‘నేను సైతం’ పేరుతో కాలనీలవారు చందాలు వేసుకొని కెమెరాలు పెట్టించుకున్నారు. 2022 ఆగస్టు 4న బంజారాహిల్స్‌లో ప్రారంభమైన సమీకృత కమాండ్ కేంద్రం ప్రభుత్వ ధనంతో కట్టినదే. అయినా నగరం మీద నిఘా వేసే కళ్లలో గణనీయమైన భాగం దుకాణదారుడిది, అపార్ట్‌మెంటు సంఘానిది. ఆ కెమెరా చెడిపోతే బాగుచేయించే ఖర్చు ఏ పథకం పద్దులో ఉందని అడిగితే జవాబు దొరకడం కష్టం.

న్యాయస్థానాల సంగతి వేరు. ఈ పేటల నేరాభియోగాలు విచారణకు వెళ్లేది నాంపల్లి కోర్టులకు. పదమూడవ ఆర్థికసంఘం 2010-15 కాలానికి న్యాయవితరణ మెరుగుదలకు 5,000 కోట్లు సిఫారసు చేసింది. అందులో సగం, 2,500 కోట్లు, ఉదయం, సాయంత్రం కోర్టులకు. న్యాయాధికారుల శిక్షణకు 250, ప్రాసిక్యూటర్ల శిక్షణకు 150, రాష్ట్ర న్యాయ అకాడమీలకు 300 కోట్లు. శిక్షణ పద్దులన్నీ కలిపినా 14 శాతమే. ఉదయం, సాయంత్రం కోర్టులకు న్యాయవాదుల నుంచి వ్యతిరేకత వచ్చింది. ఆ సొమ్ములో చాలాభాగం ఖర్చే కాలేదు. పగలంతా వాదించిన వకీలు, సాక్షిగా రావలసిన కానిస్టేబులు, దాఖలా పుస్తకం మోసే గుమాస్తా సాయంత్రం ఆరు తరువాత ఎలా వస్తారన్న ప్రశ్న నిధి కేటాయించేముందు వేయవలసినది.

శిక్షణ: అశోక్‌నగర్ నుంచి హిమాయత్‌సాగర్ దాకా

పోలీసు శిక్షణ అకాడమీలో మొదలవుతుందని లెక్క. నిజానికి ఎస్సై కావాలనుకునే యువకుడి శిక్షణ అశోక్‌నగర్ హాస్టలు గదిలో, చిక్కడపల్లి గ్రంథాలయం బల్ల దగ్గర మొదలవుతుంది. భారత రాజ్యాంగం, తెలంగాణ చరిత్ర, అంకగణితం అతడు నేర్చుకునేది అక్కడే. ఆ ఖర్చు తల్లిదండ్రులది. ప్రభుత్వం పెట్టే ఖర్చులో అతడికి అందేది గ్రంథాలయమే. అదికూడా ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున వసూలయ్యే గ్రంథాలయ పన్ను మీద నడుస్తుంది. నేరన్యాయ వ్యవస్థ ఖర్చుల లెక్కలో ఈ ఎనిమిది పైసలను ఎవరూ చేర్చరు. చేర్చవలసినదే.

ఎంపికైన తరువాత శిక్షణ సంస్థలకు ఈ నగరంలో కొదవ లేదు. 1948లో మౌంట్ అబూలో మొదలై 1975లో హైదరాబాదుకు తరలివచ్చిన సర్దార్ వల్లభభాయి పటేల్ జాతీయ పోలీసు అకాడమీ ఐపీఎస్ అధికారులకు శిక్షణ ఇస్తుంది. రామంతాపూర్‌లోని కేంద్ర డిటెక్టివ్ శిక్షణ సంస్థ రాష్ట్రాల దర్యాప్తు అధికారులకు కోర్సులు నడుపుతుంది. చంచల్‌గూడలో జైలు సిబ్బందికి శిక్షణాలయం ఉంది. ఇంతటి నగరంలో కూడా చిక్కు ఎక్కడుందంటే, ఉద్యోగంలో చేరినప్పటి శిక్షణ తరువాత మళ్లీ తరగతిగదికి వెళ్లే అవకాశం కొద్దిమందికే దొరుకుతుంది. కామన్ కాజ్, లోక్‌నీతి సంస్థలు వెలువరించిన 2019 నాటి పోలీసు స్థితిగతుల నివేదిక ప్రకారం అంతకుముందు అయిదేళ్లలో వృత్త్యంతర శిక్షణ పొందినవారు దేశవ్యాప్తంగా సగటున 6.4 శాతం మాత్రమే. ప్రొఫెసర్ ఎం.ఎస్. గోరే అధ్యక్షతన పోలీసు శిక్షణ మీద ఏర్పడిన సంఘం 1973లోనే నివేదిక ఇచ్చింది. ఆ తరువాత అర్ధశతాబ్దం గడిచినా అంకె ఇది.

వెళ్లివచ్చినవారి నేర్పు కూడా ఠాణాలో నిలవదు. దర్యాప్తును శాంతిభద్రతల విధులనుంచి వేరుచేయాలని ప్రకాశ్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న ఆదేశించింది. ధర్నాచౌక్ పక్కన ఉండే ఠాణాకు ఈ ఆదేశం అర్థమయినంతగా మరెవరికీ కాదు. సాక్ష్య సేకరణ మీద కోర్సు చేసివచ్చిన అధికారి మరుసటి ఉదయం బందోబస్తులో నిలబడతాడు. మరోవైపు బందోబస్తు కూడా ఒక విద్యే. 2024 డిసెంబరు 4 రాత్రి ఆర్టీసీ క్రాస్‌రోడ్డులోని సంధ్య థియేటరు దగ్గర తొక్కిసలాటలో ఒక మహిళ మరణించింది. ఆమె కుమారుడు తీవ్రంగా గాయపడ్డాడు. బాధ్యత ఎవరిదన్నది న్యాయస్థానం తేల్చవలసిన విషయం. గేటు వెడల్పు ఎంత, గుంపు ఎటునుంచి కదులుతుంది, ఎప్పుడు ప్రవేశం ఆపాలి అన్న లెక్కలు మాత్రం అనుభవంతోపాటు బోధించవలసినవే.

2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త నేరచట్టాలు ఈ అవసరాన్ని మరింత పెంచాయి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షను ప్రకారం సోదా, స్వాధీనాలను దృశ్యశ్రవణ రూపంలో నమోదు చేయాలి. 176(3) ప్రకారం ఏడేళ్లు అంతకుమించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి రావాలి. ఈ ఏర్పాటుకు రాష్ట్రాలకు అయిదేళ్ల గడువు ఇచ్చారు. 2024 జూన్‌లో కేంద్రం ఫోరెన్సిక్ మౌలిక వసతులకు 2,254.43 కోట్ల పథకాన్ని ఆమోదించింది. ప్రయోగశాల కట్టడానికి డబ్బు చాలు. నమూనా చెడకుండా మూటకట్టి, ముద్రవేసి, పంచనామాలో సరిగా రాసే కానిస్టేబులు తయారవడానికి కాలం కావాలి.

పురస్కారాలు

రాష్ట్రపతి పోలీసు పతకం, పోలీసు పతకం 1951 మార్చి 1న ఏర్పడ్డాయి. ఇటీవల పలు పతకాలను కలిపి శౌర్యానికి రెండు, సేవకు రెండు చొప్పున నాలుగింటికి కుదించారు. ఉత్తమ దర్యాప్తుకు కేంద్ర హోంమంత్రి పతకం 2018లో వచ్చింది. ఇవన్నీ వ్యక్తులకు ఇచ్చేవి. ఠాణాకు సంస్థగా గుర్తింపు ఇచ్చేది కేంద్ర హోంశాఖ వార్షిక ర్యాంకింగు. ఇందులో నేరగణాంకాలు, కేసుల పరిష్కారం వంటి అంశాలకు 80 శాతం, వసతులకు, పౌరుల అభిప్రాయానికి కలిపి 20 శాతం ప్రాధాన్యం ఇస్తారు.

2017 సంవత్సరానికి కోయంబత్తూరు ఆర్.ఎస్. పురం మొదటి స్థానంలో, హైదరాబాదు పంజాగుట్ట ఠాణా రెండవ స్థానంలో నిలిచాయి. 2023 సంవత్సరానికి సైబరాబాద్ పరిధిలోని రాజేంద్రనగర్ ఠాణాకు ప్రథమస్థానం దక్కింది. ఆ ఫలితం వెలువడిన 2024 జనవరిలోనే, సమాచారం బయటికి పొక్కుతోందన్న ఆరోపణల నేపథ్యంలో పంజాగుట్ట ఠాణాలోని ఎనభైమందికి పైగా సిబ్బందిని ఒకేసారి బదిలీ చేశారు. ర్యాంకు వచ్చిననాటి మనుషులు వేరు, బదిలీనాటి మనుషులు వేరు కావచ్చు. గోడమీద ప్రశంసాపత్రం మాత్రం ఠాణాదే. పురస్కారాన్ని నిలబెట్టే పద్ధతులు మనుషులతోపాటు బదిలీ కాకుండా ఉండాలంటే అవి రాతలోకి, రికార్డులోకి ఎక్కాలి. ఇక్కడ తెలుగు అధ్యాపకులకు సంబంధించిన అంశం మొదలవుతుంది.

ఫిర్యాదు రాత

నేరన్యాయ ప్రక్రియకు తొలి పాఠ్యం ఫిర్యాదు. సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం నోటితో చెప్పిన సమాచారాన్ని రాసి, చెప్పినవారికి చదివి వినిపించి, సంతకం తీసుకొని, ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. ఈ పని చాలావరకు స్టేషన్ రైటరు చేతిమీదుగా జరుగుతుంది. ఫిర్యాది తన వాడుకమాటల్లో చెప్పినది రైటరు కలంలో ‘సదరు’, ‘పై తెలిపిన’ వంటి పదాల మధ్య ఒకే దీర్ఘవాక్యంగా మారుతుంది. నిజాం కాలపు ఉర్దూ పాలనాభాష వారసత్వం ఇంకా అందులో ఉంది. ‘ముద్దాయి’ పదమే చూడవచ్చు. ఉర్దూ న్యాయపరిభాషలో ‘ముద్దయీ’ అంటే దావా వేసినవాడు, వాది. తెలుగులోకి వచ్చేసరికి అది నిందితుడికి పేరైంది. వాది, ప్రతివాది తారుమారైన పదంతోనే మనం న్యాయం మాట్లాడుకుంటున్నాం.

ఎవరు ఎవరిని కొట్టారు, ఎవరు చూశారు, ఏ గంటకు జరిగింది అన్న విషయాల్లో కర్త, క్రియ తప్పిపోతే నాంపల్లి కోర్టులో ఎదురుప్రశ్న మొదలయ్యేది అక్కడినుంచే. అయినా పైన చూసిన పథకాల పద్దుల్లో ఫిర్యాదు రాతకు ప్రత్యేకమైన పద్దు కనిపించదు. ర్యాంకింగు గణించేది కేసుల సంఖ్యను. ఫిర్యాదు ఎంత స్పష్టంగా ఉందన్నది దాని లెక్కలోకి రాదు. 2022 ఎస్సై నియామక ప్రకటనలో తెలుగు పత్రం కేవలం అర్హత పత్రం. ఆ మార్కులు తుది ఎంపికలో కలవవు. అందుకే అశోక్‌నగర్‌లో ఆ పత్రం మీద పెట్టే సమయం అతి తక్కువ. అభ్యర్థిని తప్పుపట్టలేం. పరీక్ష దేనికి విలువ ఇస్తే చదువు అటే నడుస్తుంది.

పరిశోధనకు సామగ్రి లేకపోలేదు. యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరు 7న ఇచ్చిన తీర్పు ప్రకారం, సున్నితమైనవి మినహా ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లోగా పోలీసు వెబ్‌సైటులో ఉంచాలి. వ్యక్తుల పేర్లు, చిరునామాలు తొలగించి ఈ మూడు పేటల ఠాణాల ఎఫ్‌ఐఆర్‌లలోని ఫిర్యాదు పాఠాలను సేకరిస్తే వాక్యనిర్మాణం, అన్యదేశ్యాలు, కర్మణి ప్రయోగం, ఫిర్యాది వాడుకభాష మిగిలిన చోట్లు, చెరిగిపోయిన చోట్లు స్పష్టంగా గుర్తించవచ్చు. వాటినుంచి రైటరుకు పనికివచ్చే నమూనాలు, పదాల పట్టిక తయారుచేయడం ఒక విశ్వవిద్యాలయ తెలుగుశాఖ రెండేళ్లలో చేయగలిగిన పని. ఆధునికీకరణ పథకంలో శిక్షణ సామగ్రికి చోటు ఎలాగూ ఉంది. ఇప్పటివరకు అందులో తుపాకీ లక్ష్యసాధన పరికరాలు చేరాయి. తెలుగు వాక్యం కూడా చేరడానికి రాష్ట్రం పంపే వార్షిక ప్రణాళికలో ఒక వరుస చాలు.