చలువరాయి – గ్రానైటు

చలువరాయి, గ్రానైటు రెండూ ప్రకృతిసిద్ధమైన శిలలే అయినప్పటికీ వాటి పుట్టుక వేరు, స్వభావం వేరు. భూగర్భమందలి శిలాద్రవం మెల్లగా చల్లారగా ఏర్పడినది గ్రానైటు. సున్నపురాయి తీవ్రమైన వేడిమికి, ఒత్తిడికి లోనై మారగా ఏర్పడినది చలువరాయి.

చలువరాయి ప్రధానంగా కాల్షియం కార్బొనేటు. అందుచేత పులుపు తగిలినచోట దాని నునుపు చెడి మెరుపు మాసిపోతుంది. చింతపండు లేనిదే పూట గడవని మన వంటింటి గట్టుపై, ఫలహారశాల బల్లలపై దానిని పరచడం సొమ్మును పులుసులో కలుపుకోవడమే! పడకగదికి మాత్రం అది శోభాకరమే. గ్రానైటులోని క్వార్ట్జు, ఫెల్డ్‌స్పారు ఖనిజాలు నిమ్మరసానికి లొంగవు.

1617లో ఆరంభమై 1694లో పూర్తయిన హైదరాబాదు మక్కా మసీదు గ్రానైటు కట్టడమే. ఎండవానలను అది శతాబ్దాలుగా ఓర్చుకొంటున్నది. ఆ ప్రాంగణంలోనే ఉన్న నిజాము వంశీయుల చలువరాతి సమాధులకు పైకప్పు నీడ ఉన్నది.

అయితే అంగడిలో గ్రానైటు అనబడేదంతా గ్రానైటు కాదు. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో లభించే ప్రసిద్ధమైన ‘బ్లాక్ గెలాక్సీ’ శాస్త్రరీత్యా గాబ్రో జాతి శిల. ఇందులో మోసమేమీ లేదు. అదీ గట్టి రాయే. మోసమల్లా నాసిరకపు రాతికి నల్లరంగు పట్టించి అమ్మడంలో ఉన్నది. కొనబోయే ముందు అసిటోనులో తడిపిన తెల్లగుడ్డతో నమూనా ముక్కను రుద్ది చూడాలి. గుడ్డ నల్లబడితే ఆ నలుపు రాతిది కాదు.