చేతికందిన విజ్ఞానం

భారత రాజ్యాంగంలోని 51-ఎ అధికరణం పౌరుల ప్రాథమిక విధులను పేర్కొంటుంది. శాస్త్రీయ దృక్పథాన్ని, మానవతావాదాన్ని, జిజ్ఞాసను, సంస్కరణాభిలాషను పెంపొందించుకోవడం ఆ విధులలో ఒకటి. 1976లో 42వ సవరణ ద్వారా ఇది రాజ్యాంగంలో చేరింది. అయితే జిజ్ఞాస ఆదేశంతో పుట్టదు. నిర్వచనాలను వల్లె వేసినంత మాత్రాన శాస్త్రీయ దృక్పథం అలవడదు. బాల్యంలో కంటితో చూసి, చేతితో చేసి, సందేహం కలిగినచోట నిలిచి ప్రశ్నించిన అనుభవమే దానికి పునాది. ఈ విషయాన్ని మారుమూల పాఠశాలల్లో ఆచరించి చూపిన ప్రయత్నమొకటి మధ్యప్రదేశ్‌లో జరిగింది.

నేడు నర్మదాపురంగా పిలువబడుతున్న హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 పాఠశాలలు ఒక నూతన బోధనా విధానాన్ని చేపట్టాయి. కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే స్వచ్ఛంద సంస్థలు దీనికి నాంది పలికాయి. ఆరు నుండి ఎనిమిదో తరగతి వరకు చదివే పిల్లలు చిన్న చిన్న జట్లుగా కూర్చొని స్వయంగా ప్రయోగాలు చేసేవారు. ఆకులను సేకరించి పోలికలను బట్టి వర్గీకరించేవారు. విత్తనాలను మొలకెత్తించి మార్పులను నమోదు చేసేవారు. వారి ‘బాల వైజ్ఞానిక్’ పుస్తకంలో చేయవలసిన పనులు, అడగవలసిన ప్రశ్నలు ఉండేవి. సిద్ధమైన సమాధానాలు ఉండేవి కావు. పరీక్షలో పుస్తకం తెరచి చూసుకోవడానికి అనుమతి ఉండేది. ప్రయోగ నైపుణ్యానికి కూడా మార్కులు ఉండేవి. తరగతిలో తీరని సందేహాలను పిల్లలు ‘సవాలీరామ్’ అనే కల్పిత వ్యక్తికి ఉత్తరాలుగా రాసేవారు. ఈ కార్యక్రమం 1978లో జిల్లా అంతటికీ విస్తరించింది. 1982లో ఏర్పడిన ‘ఏకలవ్య’ సంస్థ తరువాత దాని బాధ్యతను స్వీకరించింది.

ప్రయోగాలు చేయాలంటే ఖరీదైన పరికరాలు కావాలన్నది ఒక అపోహ. కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివి ఇంజనీరుగా పనిచేస్తున్న అరవింద్ గుప్తా 1978లో సెలవు తీసుకొని హోషంగాబాద్ వచ్చారు. అక్కడ ఆయన అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలతో బొమ్మలు తయారుచేశారు. మూడు పుల్లలను ట్యూబు ముక్కలతో కలిపితే త్రిభుజం ఏర్పడుతుంది. దానిని ఎంత నొక్కినా ఆకారం మారదు. నాలుగు పుల్లల చతురస్రాన్ని ఒక మూల నొక్కితే చాలు, అది పక్కకు ఒరిగి సమచతుర్భుజంగా మారిపోతుంది. ఇనుప వంతెనలలో, పెద్ద షెడ్ల పైకప్పులలో త్రిభుజాకారపు చట్రాలను ఎందుకు అమరుస్తారో పిల్లలు ఆ క్షణంలోనే గ్రహించగలరు.

పాఠ్యపుస్తకం వలెనే వార్త కూడా ప్రయోగానికి ప్రేరణ కాగలదు. 1995 సెప్టెంబరు 21న వినాయక విగ్రహాలు పాలు తాగుతున్నాయన్న వార్త దేశమంతటా వ్యాపించింది. ఆలయాల ముందు జనం బారులు తీరారు. శాస్త్రవేత్తలు ఢిల్లీలోని ఒక ఆలయంలో రంగు కలిపిన పాలను చెంచాతో విగ్రహానికి అందించారు. చెంచాలోని పాలు తగ్గాయి. రంగు మాత్రం విగ్రహం మీదుగా కిందికి జారడం కనిపించింది. నిండు చెంచా అంచు తడి రాతికి తగిలినప్పుడు తలతన్యత వల్ల ద్రవం అంచు దాటి రాతిని చేరుతుంది. ఆపైన గురుత్వాకర్షణ వల్ల పలుచని పొరగా కిందికి జారుతుంది. ఒక చెంచా, కొన్ని పాలు, ఒక నున్నని రాయి ఉంటే ఏ తరగతి గదిలోనైనా దీనిని పరీక్షించవచ్చు. ఇందులో ఎవరి విశ్వాసాన్నీ కించపరచవలసిన అవసరం లేదు. విన్నదానిని పరిశీలించి చూడడమే ఇక్కడి పాఠం.

భయాన్ని తొలగించడం విజ్ఞానం చేసే మరొక మేలు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు నేల మీదుగా సాగింది. ఆకాశంలో అరుదైన దృశ్యం ఆవిష్కృతమవుతుండగా, చాలామంది తలుపులు మూసుకొని ఇళ్ళలోనే ఉండిపోయారు, వీధులు నిర్మానుష్యమయ్యాయి. గ్రహణ సమయంలో సూర్యుని నేరుగా చూడడం కంటికి ప్రమాదకరమన్న మాట నిజమే. అయితే ఒక అట్టకు సూదితో రంధ్రం చేసి, దాని గుండా వచ్చే వెలుగును తెల్ల కాగితంపై పడనిస్తే గ్రహణ రూపం సురక్షితంగా కనిపిస్తుంది. పాక్షిక గ్రహణ వేళ చెట్టు నీడలో, ఆకుల సందుల నుండి జారిన వెలుగులు సైతం నెలవంకల వలె నేలపై పరచుకొంటాయి. ఇది ఒకసారి చూసిన విద్యార్థికి గ్రహణం భయహేతువు కాదు, ఎదురుచూడదగిన సందర్భం.

ఇటువంటి బోధనకు ఆటంకాలు లేకపోలేదు. మార్కులే లక్ష్యమైన చోట ప్రయోగం కాలహరణంగా తోస్తుంది. మూడు దశాబ్దాలు సాగి, వేయికి పైగా పాఠశాలలకు చేరిన హోషంగాబాద్ కార్యక్రమాన్ని అక్కడి ప్రభుత్వం 2002లో నిలిపివేసింది. కాని అది నాటిన ఆలోచన ఆగిపోలేదు. బట్టీ పద్ధతి నుండి చదువును విముక్తం చేయాలని, పాఠశాల జ్ఞానాన్ని బయటి జీవితంతో అనుసంధానించాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం సూచించింది. 

తెలుగునాట 1988లో ఏర్పడిన జన విజ్ఞాన వేదిక పిల్లల కోసం ‘చెకుముకి’ అనే విజ్ఞాన పత్రికను నడిపింది. ఏకలవ్య సంస్థ 1985లో ప్రారంభించిన హిందీ బాలల పత్రిక పేరు ‘చక్‌మక్’. ఈ రెండు పేర్లకూ అర్థం ఒక్కటే: నిప్పు పుట్టించే రాయి. ఆ రాయిని భద్రంగా దాచి ఉంచితే వెలుగు రాదు. ఇనుముతో కొట్టినప్పుడే రవ్వ రాలుతుంది. ఆ పని చేయవలసినవి విద్యార్థుల చేతులే.